మా ఇల్లు పురిటిల్లు కాదు

ఆదివారం

నాకు డైరీ రాసే అలవాటు లేదు. రాసేవాళ్ళ మీద గౌరవమూ లేదు. పొద్దున తిన్న ఉప్మా గురించి సాయంత్రం బాధపడేవాళ్ళే ఎక్కువ. అయినా ఈ వారం రాస్తాను. శనివారం గూళ్ళ శాఖ వాళ్ళు తనిఖీకి వస్తున్నారు. ఆ తర్వాత బోడికొండ కాలనీలో నా గురించి ఏం చెప్పుకుంటారో ఊహించగలను. ఈసారి నా మాట కూడా ఒకటి ఎక్కడో ఉండాలి.

పొద్దున్నే గాలిలోంచి నీళ్ళు పిండే యంత్రం రేకులు తుడవడానికి పెరట్లోకి వెళ్ళాను. తుడవకపోతే బిందె నిండవలసిన చోట చెంబుడు కూడా రాదు. తుడుస్తూ తలెత్తితే చూరు కింద గోడ మీద జిడ్డు చార కనిపించింది. దాని కింద గచ్చు మీద మిరియాలు చల్లినట్టు రెట్ట. ఒకటి తీసి వేళ్ళ మధ్య నలిపాను. పొడి అయిపోయింది. ఆ పొడిలో పురుగుల రెక్కల ముక్కలు మెరిశాయి. ఎలక పెంట అలా నలగదు. గబ్బిలాలు.

ఈ కాలనీలో ఆ మాట అనకూడదు. చీకటమ్మలు అనాలి. దోమల మందులన్నీ పనిచెయ్యడం మానేశాక ఎక్కడో లాబొరేటరీలో పుట్టించిన తిండిపోతు జంతువుకి అమ్మ అని పేరు పెట్టి, దణ్ణం పెట్టడం మనవాళ్ళకే చెల్లింది. దోమల్ని తింటాయి, కాదనను. కానీ ఎవరింట్లోనైనా పిల్లల్ని పెట్టాయంటే ఆ ఇల్లు పురిటిల్లు అయిపోతుంది. గడపకి పసుపు రాసి, గుమ్మానికి వేపమండ కట్టి, గూళ్ళ శాఖ వాళ్ళ ఆకుపచ్చ పలక కొట్టి, ఇంట్లో మనుషుల్ని కొండ వెనక రేకుల షెడ్డుకి తోలేస్తారు. పిల్లలు ఎగిరేదాకానే అని కాగితం మీద ఉంటుంది. అయితే ఇవి పుట్టిన చోటికే తిరిగి వచ్చి కంటాయి. అందుకని షెడ్డుకి పోయినవాడెవడూ ఇంతవరకు ఇల్లు చేరలేదు.

షెడ్డులో మనిషికి ఒక ట్రంకు పెట్టె. అదీ నా గొడవ.

గోదావరి లంకలు ఉప్పునీళ్ళ కిందికి పోతున్నప్పుడు అందరూ పడవలకి మంచాలూ బీరువాలూ ఎక్కించారు. నేను తర్కం చెప్పిన కాలేజీలోని లైబ్రరీని ఎక్కించాను. ఇప్పుడు ఈ ఇంట్లో నేల నుంచి అటక దాకా పుస్తకాలే. షెడ్డు చెమ్మలో ఒక్క వానాకాలం ఆగవు. ఈ కొండ మీద కాగితం పుస్తకాలున్న ఇల్లు ఇదొక్కటే. నేను తప్ప ఎవరూ చదవరు, అది వేరే సంగతి.

రెండేళ్ళ కిందట మా వీధి గబ్బిలాలు ఉన్నట్టుండి మాయమయ్యాయి. దోమలు రేగాయి. ముసురు జ్వరం వచ్చింది. పక్క వాటాలో ఉండే మంగాయమ్మ కొడుకు సూరిబాబు, తలుపుకి అడ్డం నిలబడితే వెలుతురు రానంత మనిషి, వారం తిరక్కుండా పోయాడు. గబ్బిలాలు ఎందుకు పోయాయో తేల్చడానికి కాలనీ సెక్రటరీ పుప్పాల గంగరాజు మీటింగు పెట్టాడు. "మాస్టారికి మొదట్నుంచీ చీకటమ్మలంటే గిట్టదు. ఏ పొగో ఏసుంటారు" అన్నాడు. సాక్ష్యం ఏమీ లేదు. గిట్టదు కాబట్టి చేశాడు. తర్కం క్లాసులో మొదటి నెలలోనే చెప్పే దోషం ఇది. గంగరాజు ఆ క్లాసులో కూచున్నవాడే, వెనక బెంచీలో. మీటింగులో ఒక్కడూ నోరెత్తలేదు. ఆ రోజు నుంచి మంగాయమ్మ నాతో మాట్లాడదు. మా రెండు వాటాలకీ మధ్య గోడ ఒక్కటే. ఆవిడ దగ్గినా వినిపిస్తుంది. మాట మాత్రం లేదు.

ఇప్పుడు గబ్బిలాలు నా ఇంటికే వచ్చాయి. శనివారం లోపల పోవాలి. గోడలో చప్పుడుంటే చాలు, పెద్దవా పిల్లలా అని శాఖ వాళ్ళు అడగరు.

సోమవారం

పుస్తకం తీశాను. జంతుశాస్త్రం పాత సంపుటం, అట్ట పోయింది, లోపల భద్రంగా ఉంది. గబ్బిలాలు ఏడాదికి ఒక్కసారి, ఎండలు ముదిరే ముందు కంటాయని స్పష్టంగా ఉంది. ఇది కార్తీకం. కాబట్టి లోపల పిల్లలు ఉండే అవకాశం లేదు. ఉన్నవన్నీ ఎగరగలిగినవే. సాయంత్రం మేతకి పోయాక సందు మూసేస్తే తెల్లవారి వచ్చి చూసుకుని ఇంకో చోటికి పోతాయి. చెరువు గట్టు మీద వాటి కోసం కట్టిన చెక్క గూళ్ళు సగం ఖాళీగా ఉన్నాయి. ఎవరికీ హాని లేదు. ఈ వాదనలో దోషం ఎక్కడుందో చూపించమని ఎవరినైనా సవాలు చేస్తాను.

ఈ ఇళ్ళన్నీ వేడికి ఆగడానికి రెండు వరసల ఇటికతో కట్టినవి. మధ్యలో బోలు. చూరు దగ్గర ఆ బోలు నోరు తెరుచుకుని ఉంటుంది. నా పెరటి వైపు వేలు పట్టేంత సందు. అదే దారి.

పని కష్టం కాదు. చూసేవాడు లేకపోవడం ముఖ్యం. ఆ విషయంలో ఈ కాలనీ మూఢత్వం నాకు మొదటిసారి ఉపయోగపడింది. సాయంత్రం అవి మేతకి పోయే వేళ దీపాలార్పు గంట కొట్టగానే ఇక్కడ ప్రతి ఇంట్లో దీపాలు ఆర్పేసి, తలుపులు బిగించి, వీధికి వీపు పెట్టి కూచుంటారు. బయల్దేరేవాళ్ళకి ఎదురు రాకూడదు కదా. మనుషులకున్న శకునం చాలదని గబ్బిలాలకి కూడా తగిలించారు. పదేళ్ళుగా ఈ కొండ మీద ఇంతమంది ఈ జంతువుల పుణ్యాన బతుకుతున్నారు. అవి ఇంట్లోంచి ఎలా పోతాయో కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు.

గంట కొట్టాక నిచ్చెన వేసుకుని పైమెట్టు మీద నిలబడ్డాను. చేతిలో ఇనప జల్లెడ ముక్క, తడి సున్నం. గోడలోంచి ఎవరో ఊదుతున్నట్టు ఒక్కొక్కటే బయటికి దూకాయి. ముఖానికి గాలి తగిలింది. చప్పుడు లేదు. చివరిది పోయిందనుకున్నాక కూడా కాసేపు ఊపిరి బిగపట్టి నిలబడ్డాను. తర్వాత జల్లెడ సందులో ఇరికించి చుట్టూ సున్నం మెత్తాను. మేకు కొడితే పక్కకి వినిపిస్తుంది. వేళ్ళతోనే నొక్కాను.

దిగి, నిచ్చెన ఎత్తి పెట్టి, చేతులకంటిన సున్నం కడుక్కున్నాను.

మంగళవారం

తెల్లవారుతుండగా జల్లెడ మీద గోళ్ళ చప్పుడుకి లేచాను. వచ్చాయి. చూసుకుంటున్నాయి. పోతాయి అనుకుని దుప్పటి లేకుండా పడుకునే ఉన్నాను. కార్తీకంలో దుప్పటి కప్పుకుని ఎన్నేళ్ళయిందో.

పోలేదు.

ఎండ వచ్చింది. పెరట్లోకి వెళ్ళి చూస్తే చూరు కింద ఒకదాని మీద ఒకటి పట్టుకుని వేలాడుతున్నాయి, తడి గుడ్డలు కుక్కినట్టు. వెలుతురంటే పడని జంతువులు వెలుతురులో ఉన్నాయి. గోడ మీద కాకులు చేరాయి. ఒక కాకి తొందరేమీ లేకుండా వచ్చి ఒకదాన్ని ముక్కుతో లాక్కుని పోయింది. మిగతావి కదల్లేదు. రెండో కాకి వచ్చింది. అప్పుడూ కదల్లేదు. కర్ర తీసుకుని తోలాను. కాకులు గోడ దిగి, నేను అలిసిపోయేదాకా అక్కడే కూచున్నాయి.

ఏ జంతువూ ఖాళీ ఇంటి కోసం అలా చావదు. ఆ మాట తట్టగానే లోపలికి వెళ్ళి పెరటి గోడ పక్క అరలోని పుస్తకాలు తీసి కింద పెట్టి గోడకి చెవి ఆనించాను.

తడి గాజు మీద వేలు రాస్తే వచ్చే చప్పుడు. ఒకటి కాదు. గోడ పొడుగునా.

నా పుస్తకం అబద్ధం చెప్పలేదు. అది రాసిన రోజుల్లో కార్తీకానికి చలి ఉండేది. ఎండలు ముదరడానికి ఒక కాలం ఉండేది. ఇప్పుడు ఏడాదంతా ఒకే ఎండ, ఒకే చిత్తడి. ఈ జంతువులు ఏ పుస్తకమూ చదవలేదు కనక తోచినప్పుడు కంటున్నాయి. తల్లులు పిల్లల్ని గోడలో వదిలి మేతకి పోతాయి. నేను వెలుతురు ఉండగా ఒక్కనాడు శ్రద్ధగా గోడకి చెవి పెట్టి ఉంటే తెలిసేది. వీధికి వీపు పెట్టి కూచున్నవాళ్ళని వెక్కిరించాను. నేను పుస్తకానికి ముఖం పెట్టి కూచున్నాను. తేడా అంతే.

ఇప్పుడు జల్లెడ తీస్తే శనివారం శాఖ వాళ్ళు గోడలో చప్పుడు పట్టే చెవిపెట్టె ఆనించగానే పిల్లలు పలుకుతాయి. పలక కొడతారు. తియ్యకపోతే శనివారానికి గోడ నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ పెట్టెకి చప్పుడు వినడం ఒక్కటే వచ్చు. నిశ్శబ్దంగా ఉన్న గోడని ఎవరూ అనుమానించరు.

నేను ఏమీ చెయ్యనక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. ఇల్లు నాది, పుస్తకాలు నావి.

మధ్యాహ్నం మంగాయమ్మ తన పెరట్లో బిందె పట్టుకుని నిలబడి మా చూరు వంక, కాకుల వంక, నా వంక చూసింది. ఎంతసేపు చూసిందో. బిందె నిండి కాళ్ళ మీద పొర్లింది. అప్పుడు లోపలికి పోయింది.

ఈ రాత్రికి అర దగ్గరున్న మంచం జరిపాను. చప్పుడు వినిపించకుండా దూరంగా.

బుధవారం

"మాస్టారూ! ఉన్నారాండీ?"

గంగరాజు. సెక్రటరీ కండువా, కొత్త చెప్పులు. కుర్చీ చూపించలేదు, అయినా కూచున్నాడు. మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను.

"పెరటి చూరుకి సున్నం కొత్తగా కనపడతంది?"

"వానకి కారుతోంది."

"వానెక్కడిదండీ? దీపావళి నుంచీ చినుకు పడితేనా." గ్లాసు కింద పెట్టి గొంతు తగ్గించాడు. "నేనేం అనడానికి రాలేదు మాస్టారూ. ఎవరిల్లు ఆరికి ముద్దు."

గోడలో చప్పుడు మొదలయింది. నిన్నటికంటె ఎక్కువ. ఇద్దరం విన్నాం. ఇద్దరం విననట్టు కూచున్నాం.

"శనివారం దాకా పెదవి కదపకుండా ఉండండి చాలు" అన్నాడు. "కాకులు నిన్న చేరాయి, ఇవాళ రెండో రోజు కదా? రెండో రోజే గోల. రేపటికి తగ్గిపోద్ది. ఎల్లుండి కాస్త వాసనొస్తాది, కర్పూరం ఎలిగించుకోండి. పెట్టెకి ముక్కు లేదు కదండీ." నవ్వాడు.

నేను నవ్వలేదు. "నీకెలా తెలుసు?"

"ఏంటండీ?"

"రెండో రోజు గోల, మూడో రోజు తగ్గడం, తర్వాత వాసన. నీకెలా తెలుసు గంగరాజూ?"

గ్లాసు ఎత్తి నోటి దగ్గర పెట్టుకున్నాడు. అందులో నీళ్ళు లేవు. అయినా తాగినట్టు గొంతు కదిలింది.

"మీకు చెప్తే ఏం పోయింది. ఇప్పుడు మీరూ నేనూ ఒకటే కదా" అన్నాడు చివరికి. "రెండేళ్ళ కిందటండీ. కొత్తగా సెక్రటరీ అయ్యాను. సెక్రటరీయే షెడ్డులో పడుకుంటే ఎవడు మాటింటాడు? మా పడమటి గోడలో చేరాయి. మూసేశాను. అయి మూకుమ్మడిగా వీధి ఒదిలేసి పోతాయని నాకేం తెలుసండీ? దోమలొస్తాయని ఎవరనుకున్నారు?"

"సూరిబాబు పోయాడు."

"జొరం ఎవరికి రాసిపెట్టుందో ఆరికొస్తాది."

"నా పేరెందుకు చెప్పావు?"

ఆ ప్రశ్నకి మాత్రం తడుముకోలేదు. "ఎవరిదో ఒకరి పేరు చెప్పాలి కదండీ. మీకైతే పోయేదేం ఉంది? మీరెలాగూ ఎవరితోటీ మాట్టాడరు."

లేచి కండువా సర్దుకున్నాడు. "మీ గోడ మూశారని తేలితే ఈధంతా గోడలిప్పుతారు. మీకూ నట్టం, నాకూ నట్టం. ఆలోచించండి. మీకు నేను చెప్పాలా, నాకు తర్కం నేర్పింది మీరే."

అతను వెళ్ళాక గ్లాసు కడిగి బోర్లించాను. రెండేళ్ళుగా నేను కోరుకున్నవన్నీ ఒక్క గ్లాసు మంచినీళ్ళ ఖర్చుతో నా ముందుకు వచ్చాయి. ఇల్లు దక్కుతుంది. గంగరాజు పిలక నా చేతిలో ఉంటుంది. నిందకి అసలు దోషి దొరికాడు. చెయ్యవలసిందల్లా నిన్న అనుకున్నట్టు ఊరికే కూచోవడం. నిన్న ఆ లెక్క నా తెలివి అనుకున్నాను. ఇవాళ అదే లెక్క గంగరాజు నోట విన్నాను, కర్పూరంతో సహా.

నేను దయగలవాణ్ణి కాను. ఇది చదివేవాళ్ళు అలా పొరబడవద్దు. నా జీవితంలో చాలామందిని చూసి చాలా రకాలుగా అసహ్యించుకున్నాను. అందులో మొదటి పేరు అతనిది. అతను చేసిన పనినే రెండోవాడిగా చేసి, ఆ ఇంట్లో ఆ పుస్తకాల మధ్య కూచుని ఏం చదువుతాను?

నిచ్చెన వేశాను. మిట్టమధ్యాహ్నం. సున్నం గట్టిపడింది. ఈసారి వేళ్ళతో కాదు, ఉలీ సుత్తీతో కొట్టాను. ఎవరు వింటే విననీ. జల్లెడ ఊడగానే తల్లులు నా చేతుల మీదుగా, మెడ మీదుగా, చొక్కా లోపల నుంచి కూడా పాక్కుంటూ లోపలికి పోయాయి. ఒకటి వేలు కొరికింది. కాకులు తిన్నవి తినగా మిగిలినవి.

అర దగ్గర చెవి పెట్టాను. కొంతసేపు రభస. తర్వాత చప్పుడు తగ్గింది, నిన్న తగ్గాలని నేను కోరుకున్న తగ్గడం కాదు. పాలు తాగుతున్నప్పటి తగ్గడం.

పొద్దుగూకే ముందు రెండు తల్లులు చచ్చిన పిల్లల్ని పొట్టకి పట్టుకుని బయటికి వచ్చి, చూరుకి వేలాడి, ఎంతకీ వదల్లేదు.

గురువారం

ముందు గుమ్మం దగ్గర అలికిడి అయింది. మంగాయమ్మ. చేతిలో గిన్నె, గిన్నెలో జావ. రెండేళ్ళలో మొదటిసారి.

"వేలికి కరిచిందంట కదా. మందేసుకున్నారా?"

"ఎవరు చెప్పారు?"

"మీరే. నిన్న నిచ్చెన మీద తిట్టుకున్నారు కదండీ, ఊరంతా ఇనపడేలాగ." గిన్నె అరుగు మీద పెట్టింది. "నిన్న ఆడు మాట్టాడిందంతా ఇన్నాను. ఆ బోలు గోడలో మాట గొట్టంలో పోసినట్టే."

గిన్నె వంక చూస్తూ అన్నాను. "నేను కూడా మూశానమ్మా."

"తెలుసు. మంగళారం నుంచీ ఆ పిల్లల ఏడుపు ఇంటానే ఉన్నాను. మీరు తెరుత్తారా తెరవరా అని కూచున్నాను. తెరవకపోతే శనారం నాడు మీ గోడా ఆడి గోడా నేనే పగలగొడుదును." ఆవిడ గొంతులో కోపం లేదు. బియ్యం ఏరుతున్నట్టు చెప్పింది. "ఆళ్ళు వచ్చేదాకా మీరు నోరిప్పకండి. ముందే తెలిత్తే ఆడు గోడ ఇప్పుకుని ఏరేసుకుంటాడు."

"రెండేళ్ళు నన్నే అనుకున్నావు కదమ్మా."

"అనుకున్నాను. ఇప్పుడు ఏమనుకోకండి అని కూడా అనను. నా కొడుకు పోతే మజ్జిలో ఒక్క గోడ ఉండి మీరు మా గుమ్మం తొక్కలేదు." వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "జావ చల్లారిపోద్ది, తాగండి."

తాగాను. ఉప్పు ఎక్కువయింది. చెప్పలేదు.

శుక్రవారం

ట్రంకు సర్దాను. విప్పాను. మళ్ళీ సర్దాను. ఎవరూ చదవని పుస్తకాల్లోంచి కొన్నిటిని ఎంచడం, మునిగే పడవలో పిల్లల్ని ఎంచడం లాంటిది అని ఒక వాక్యం రాసి కొట్టేశాను. పిల్లల గురించి ఈ వారం ఉపమానాలు చెప్పే అర్హత నాకు లేదు.

గంగరాజు రెండుసార్లు వీధిలో పోతూ మా చూరు వంక చూశాడు. జల్లెడ లేకపోవడం చూసి మొహం మాడ్చుకున్నాడు గానీ లోపలికి రాలేదు. నేను సొంత ఇల్లు పోగొట్టుకునే మూర్ఖుణ్ణని నిశ్చయించుకుని ఉంటాడు. మూర్ఖుల వల్ల భయం లేదని అతని నమ్మకం.

శనివారం

శాఖ వాళ్ళు పొద్దెక్కాక వచ్చారు. ఒక ఆఫీసరమ్మ, పెట్టె మోసే మనిషి. వీధి వీధంతా మా ఇంటి ముందే ఉంది. చెవిపెట్టె అర పక్కన గోడకి ఆనించగానే అందులోంచి గోడంతా కీచుమంది. ఆవిడ చూరు దగ్గర సున్నం మరకలు చూసింది. కింద పడి ఉన్న జల్లెడ ముక్క చూసింది.

"మూసిందెవరు?"

"నేను."

"తీసిందెవరు?"

"నేనే."

రెండో జవాబు రాసుకోవడానికి ఆవిడ కాగితంలో స్థలం దొరకలేదు. పుస్తకాల అరల వైపు తిరిగి, "ఇవేవీ కదపకండి. గోడ అదిరితే పిల్లలు బెదురుతాయి. సర్దుకున్న ట్రంకు ఒక్కటి తీసుకెళ్ళండి" అంది. అంటే నా లైబ్రరీ చెమ్మ తగలకుండా ఇక్కడే భద్రంగా ఉంటుంది, గబ్బిలాల కోసం. చదివేవాణ్ణి మాత్రం చెమ్మకి పంపిస్తారు. ఇంత చక్కటి తీర్పు ఇన్నేళ్ళలో ఎక్కడా చదవలేదు.

గంగరాజు వేపమండ తనే కట్టాడు. గడపకి పసుపు తనే రాశాడు. "చీకటమ్మలు చల్లగా చూడాలి. మనలో మనకి ఎన్నున్నా, ఆ తల్లుల ఉసురు పోసుకోకూడదు" అని జనం వైపు తిరిగి అన్నాడు. కొందరు దణ్ణం పెట్టారు. పెట్టె మోసే మనిషి ఆకుపచ్చ పలక ఎత్తి నాలుగు మూలలా మేకులు కొట్టాడు.

చివరి మేకు దిగాక మంగాయమ్మ ముందుకి వచ్చి, "ఒకసారి ఇయ్యి నాయనా" అని అతని చేతిలోంచి సుత్తి తీసుకుంది. ఇంటి పనికేమో అనుకుని ఇచ్చేశాడు.

ఆవిడ నడిచింది. తొందర లేదు. వీధి చివర గంగరాజు ఇంటి పడమటి గోడ వైపు. నాకు అర్థమయింది. నిచ్చెన భుజాన వేసుకుని వెనక నడిచాను. బరువుకి రెండుసార్లు ఆగాను. జనం ఏమిటో తెలియక వెంట వచ్చారు. ఆఫీసరమ్మ కూడా.

"ఏయ్ మంగాయమ్మా! ఏంటిది? ఆపండర్రా దాన్ని!" గంగరాజు పరిగెత్తుకొచ్చాడు.

"నీ గోడకి చెవి పెడితే ఏం ఇనపడదు కదా సెక్రటరీగారూ" అంది మంగాయమ్మ నిచ్చెన ఎక్కుతూ. "అందుకే పగలగొడతన్నాను."

"మేడమ్, ఇది దౌర్జన్యమండీ!"

ఆఫీసరమ్మ గోడ వైపు చూసింది. చూరు పొడుగునా పాత సున్నం. దానిలో తుప్పు పట్టిన జల్లెడ అంచు. పెట్టె మోసే మనిషి ఒక అడుగు వేయబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

మొదటి దెబ్బకి పెచ్చు ఊడింది. మూడో దెబ్బకి ఇటిక లోపలికి పడింది. ఆ తర్వాతి దెబ్బకి గోడలోంచి ఎండిన చింతతొక్కల్లాంటివి రాలడం మొదలుపెట్టాయి. నా భుజాల మీద, నిచ్చెన మెట్ల మీద, గంగరాజు కొత్త చెప్పుల మీద. చిన్న చిన్న రెక్కలు, మూసుకుని ఉన్నవి. జనంలోంచి ఒక ముసలావిడ దణ్ణానికి ఎత్తిన చేతులు ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉంచింది. ఎవరూ గంగరాజు వైపు చూడలేదు. అది అతన్ని ఎక్కువ బాధించింది అనుకుంటాను. చూస్తే ఏదో ఒకటి చెప్పేవాడు.

అతను గోడ పక్కన కింద కూలబడ్డాడు. నా కాళ్ళ దగ్గరే. తలెత్తకుండా, నాకు మాత్రం వినిపించేలా అన్నాడు.

"ఇప్పుడు బాగుందాండీ మాస్టారూ మీకు?"

"బాగుంది" అన్నాను.

అబద్ధం కాదు. ఇంకా ఏదో అనాలని నోరు తెరిచాను గానీ నిచ్చెన ఊగింది. రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. పైన మంగాయమ్మ ఇంకా కొడుతూనే ఉంది.